విషయం: గోల్‌కీపరు ఖాళీగా నిలబడుట గురించి

మహిళా హాకీ మహామండలిలో నేను ఇరవై రెండేళ్లు సూపరింటెండెంటుగా పనిచేశాను. ఆ ఇరవై రెండేళ్లలో మొదటి ఇరవై ఒకటీ ఒక్క హాకీ మ్యాచ్ కూడా చూడలేదు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మా మండలిలో ఆట చూసినవాళ్లు ఎక్కువకాలం నిలవలేదు. చూసినవాడికి అభిప్రాయాలు పుడతాయి, అభిప్రాయాలున్న వాడి ఫైలు కదలదు. నా ఫైళ్లు చక్కగా కదిలేవి.

మా అధ్యక్షులు పరాంకుశం గారు చిన్ననీటి పారుదల శాఖలో పెద్ద పదవి చేసి రిటైరైన మనిషి. చెరువుల సంగతి ఎంత తెలుసో నాకు తెలియదు గానీ హాకీ సంగతి ఆయనకు బొత్తిగా తెలియదు. అది అర్హత కిందే లెక్క. పక్షపాతం ఉండదు కదా! నా సర్వీసు ఇరవై రెండో ఏట ఆయన ఏదో చలిదేశానికి పన్నెండు రోజుల శిక్షణకు వెళ్లి, మెడలో స్టాప్‌వాచీ వేసుకుని తిరిగొచ్చారు. శిక్షణ పేరు ‘పని కొలత’. కొలవలేని పని పని కాదని అక్కడ చెప్పారట.

మొదట ఆఫీసును కొలిచారు. మా అటెండరు టీ పట్టుకురావడానికి ఎన్ని అడుగులు వేస్తున్నాడో లెక్కించి, దారిలో అతను చేస్తున్న నమస్కారాల వల్ల నలభై సెకన్లు నష్టమని తేల్చారు. నమస్కారాలు ఆగిపోయాయి. అధ్యక్షులవారికి చేసేవి కూడా ఆగిపోయేసరికి ఆయన ఆఫీసును వదిలి ఆటగాళ్ల మీద పడ్డారు.

ఆటగాళ్ల పని కొలవడానికి ‘బంతి స్పర్శ పట్టిక’ అనేదాన్ని నేనే గీశాను. ఎవరు బంతిని ఎన్నిసార్లు తాకారో అందులో రాయాలి. మనవాళ్లు నాలుగు సున్నాతో గెలిచిన మ్యాచ్ తాలూకు పట్టిక మొట్టమొదట వచ్చింది. అధ్యక్షులవారు వేలితో ఒక్కో వరస దిగుతూ వచ్చి చివర ఆగిపోయారు.

"కామేశం, ఇదేమిటి? ఇక్కడ మూడు అని ఉంది."

"మూడేనండి."

"అరవై నిమిషాల్లో మూడు స్పర్శలా! సెంటర్ హాఫ్ నూటపదకొండు. ఈవిడ మూడు. ఎవరీవిడ?"

"గోల్‌కీపరండి. చౌడేశ్వరి. పద్నాలుగేళ్లుగా జట్టులో ఉంది. నూటయాభై మ్యాచ్‌లు ఆడిందండి."

"ఆడిందనకు. నిలబడింది అను." ఆయన స్టాప్‌వాచీ బల్ల మీద పెట్టారు. "వంద గంటలకు పైగా ఒకే చోట నిలబడిన మనిషిని మనం అంతర్జాతీయ క్రీడాకారిణి అంటున్నాం. మా శాఖలో తూముకాడ తలుపు కూడా ఇంతకంటే ఎక్కువ పనిచేసేది."

మెమో నేనే రాశాను. మంచి మెమో. ‘తమరు అరవై నిమిషముల కాలములో మూడు పర్యాయములు మాత్రమే విధి నిర్వహించి, మిగిలిన కాలమంతయు రెండు స్తంభముల నడుమ నిర్వ్యాపారముగా నిలబడియుండుట ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. ఏడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను.’

నాలుగో రోజున ఆవిడే వచ్చింది. భుజాన కిట్‌బ్యాగు, అది మనిషికంటే పెద్దది. ధర్మవరం మనిషి. ముప్పై రెండేళ్లుంటాయి. మోకాళ్లు రెండింటికీ పట్టీలు. నా బల్ల ముందు నిలబడి "సార్!" అన్నది. మూడు గదుల అవతల టైపు చేస్తున్నవాళ్లు ఆగిపోయారు.

"కొంచెం నెమ్మదమ్మా."

"నెమ్మదిగానే మాట్లాడ్తాండా సార్. మగ్గాల నడుమ పుట్టినదాన్ని. గొంతెత్తకుంటే మా ఇంట్లో అన్నం గూడా పెట్టరు." మెమో తీసి నా ముందు పరిచింది. "ఇదేంది సార్? బంతి నా దాకా వచ్చిందంటేనే ముందర ఎవురో తప్పు జేసినట్ల. రాకుండా చూసేదే నా పని. ఎనక నిలబడుకుంటే గ్రౌండంతా కనపడతాది. ‘ఎస్తేరూ, ఎడమకి పో! ఆయమ్మని పట్టుకో!’ అని అరుస్తానే ఉంటా. అరవై నిమిషాలూ అరుస్తా. మ్యాచ్ అయినాక రెండు దినాలు నాకు గొంతు రాదు."

"అరుపు జాబ్‌చార్టులో లేదమ్మా."

"రాసుకోండి సార్ మరి."

"దానికి గడి లేదు."

ఆవిడ నన్ను జాలిగా చూసింది. నాకు కోపం రావాల్సింది, ఎందుకో రాలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి ఒక మాట చెప్పింది. ప్రపంచ మహాక్రీడలకు మన జట్టు పద్నాలుగేళ్లలో ఒక్కసారీ అర్హత సంపాదించలేదట. రెండుసార్లు ఒక్క మ్యాచ్ దూరంలో పోయిందట. మూడు నెలల్లో మళ్లీ అర్హత పోటీలు. "ఈ మోకాళ్లకి ఇదే కడపటి అవకాశం సార్. నన్ను ఏమన్నా అనుకోండి గానీ, అంతవరకు నిలబడనీయండి."

సంజాయిషీని అధ్యక్షులవారికి ఉన్నదున్నట్టు వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని విని, చటుక్కున తెరిచారు.

"అరిస్తే బంతి రాదంటోందా?"

"అవునండి."

"అంటే తన దగ్గరకు రావలసిన పనిని తానే అరిచి రాకుండా చేస్తోంది! కామేశం, ఇది సోమరితనం కాదయ్యా. ఇది పథకం ప్రకారం జరుగుతున్న పని ఎగవేత."

నేను ఆలోచించాను. తర్కంలో ఎక్కడా బొక్క లేదు.

ముందుగా ఆవిడ ఖాళీ సమయానికి పని కల్పించాం. గోల్‌పోస్టు పక్కన ఒక బల్ల, కుర్చీ, ఇన్‌వర్డ్ రిజిస్టరు వేయించాం. బంతి అవతలి సగంలో ఉన్నప్పుడు మండలికి వచ్చిన తపాలా నమోదు చేయాలి. మొదటి మ్యాచ్‌లోనే విదేశీ అంపైరు ఆట ఆపి, బల్లను బయట పారేయించింది. అప్పటికే చౌడేశ్వరి ప్యాడ్లతోనే పదకొండు కవర్లు ఎక్కించింది. దస్తూరి కూడా బాగుంది. "విదేశీయులకు పని సంస్కృతి లేదు," అని అధ్యక్షులవారు బాధపడ్డారు.

ఆ తర్వాత వచ్చిందే సర్క్యులర్ నంబరు పద్నాలుగు, ‘మైదాన నిశ్శబ్ద పరిపాలన’. సమాన హోదా గల సహోద్యోగినులను పేరుపెట్టి పిలుచుట, ఎడమకు పొమ్మనుట, కుడికి రమ్మనుట ప్రవర్తనా నియమావళికి విరుద్ధం. చెప్పవలసినది ఉన్నచో లిఖితపూర్వకముగా కెప్టెన్ ద్వారా పంపుకోవలెను. ఉల్లంఘించినవారిని జట్టు నుండి తొలగించెదరు. మొత్తం ఆరు పేరాలు, ఉపపేరాలు అదనం. నా ఉద్యోగంలో నేను రాసినవాటిలో అంత అందమైనది మరొకటి లేదని అప్పట్లో అనుకున్నాను.

చౌడేశ్వరి నోరు మూసుకుంది. స్నేహపూర్వక మ్యాచ్‌లో వెనక వరసలో ఆడే ఎస్తేరు వెనక్కి తిరిగి తిరిగి చూసింది. వెనక నుంచి మాట రాలేదు. అవతలి జట్టు పిల్లలు సంతలోకి వచ్చినట్టు వచ్చిపోయారు. ఆరు సున్నాతో ఓడిపోయాం. చౌడేశ్వరి ముప్పై ఒక్క బంతులు ఆపింది.

పట్టిక చూసి అధ్యక్షులవారు కుర్చీలోంచి లేచారు. "మూడు నుంచి ముప్పై ఏడు! గోల్ అయిన ఆరింటిని కూడా చివరికి వలలోంచి ఆవిడే తీసింది కదా, అవీ కలుపు. ఒక్క సర్క్యులర్‌తో పన్నెండు రెట్లు!"

"ఓడిపోయామండి."

"ఫలితం వేరే విభాగం, కామేశం. మనం పని విభాగం."

ఆవిడకు ‘ఉత్తమ శ్రామిక’ బిరుదిచ్చి శాలువా కప్పారు. మోచేతుల దాకా నల్లగా కమిలిన చేతులతో ఆ శాలువా అందుకుంటూ ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. సర్క్యులర్ అమల్లో ఉంది మరి.

ఆ ఊపులో అధ్యక్షులవారికి ఇంకో సంగతి తట్టింది. వెనక వరస ఆటగాళ్లు అడ్డు రావడం వల్లే గోల్‌కీపరుకు పూర్తి ఉపాధి దొరకడం లేదని. సర్క్యులర్ పదిహేను ప్రకారం వాళ్లు పక్కకు తప్పుకుని నిలబడ్డారు. తర్వాతి మ్యాచ్‌లో యాభై రెండు ఆపి, పద్నాలుగు వదిలింది. ఇక చూడండి, సందడే సందడి. కబడ్డీ మండలి వాళ్లు పూలదండలతో వచ్చి మా విధానం అధ్యయనం చేశారు. ఈత మండలి వాళ్లు ఎవరు ఎక్కువసేపు నీళ్లలో ఉంటే వాళ్లకే పతకం అన్నారు. అధ్యక్షులవారికి సన్మానాల మీద సన్మానాలు. మధ్యలో కోచ్ మస్తాన్ వలీ గారు నా గదిలోకొచ్చి, కుర్చీలో కూలబడి, "కామేశం గారూ, మీరొక్కసారి గ్రౌండుకి రండి. ఒక్కటంటే ఒక్కసారి రండయ్యా," అని బతిమాలాడు. నాకు సెలవుల్లేవన్నాను.

కానీ వెళ్లక తప్పలేదు. బంతి హెల్మెట్‌కు తగిలితే స్పర్శ కింద రాయాలా వద్దా అని లెక్క రాసేవాళ్ల మధ్య తగువొచ్చింది. అది తేల్చడానికి నన్నే పంపారు. అర్హత పోటీలకు ముందు చివరి మ్యాచ్ అది. గోల్‌పోస్టు వెనక, వలకు రెండడుగుల దూరంలో కుర్చీ వేసుకుని, ఒళ్లో పట్టిక పెట్టుకుని కూర్చున్నాను.

పది నిమిషాల దాకా ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత ఒక్కసారిగా అంతా కనిపించింది. నిజంగా అక్కడి నుంచి అంతా కనపడుతుంది! బంతి ఎడమవైపు ఉంది, మనవాళ్లందరూ ఎడమకే చూస్తున్నారు. కుడివైపు నుంచి అవతలి జట్టు అమ్మాయి ఒకతె, ఎవరూ పట్టించుకోకుండా, నింపాదిగా లోపలికి వస్తోంది. ఎవరూ చూడరేం? ఎవరైనా చెప్పరేం?

"ఎస్తేరూ! కుడివైపూ! కుడివైపు చూడవే తల్లీ!"

అరిచింది నేనే. కుర్చీ పడిపోయింది, పట్టిక ఎటో పోయింది. ఎస్తేరు ఉలిక్కిపడి కుడికి ఉరికి, ఆ అమ్మాయికి అందబోతున్న బంతిని లాగేసుకుంది. చౌడేశ్వరి వెనక్కి తిరిగింది. హెల్మెట్ చువ్వల వెనక తెల్లగా పళ్లు కనిపించాయి.

"చూసినారా సార్?" అంది మెల్లగా. "అరవకుండా ఉండలేరు."

మర్నాడు పొద్దున్నే సర్క్యులర్ పద్నాలుగు తీసి మొదటి నుంచి చదివాను. సొంత రాతను చదువుకోవడం మా ఆఫీసులో అలవాటు లేదు. ఆరు పేరాల్లోనూ ఎక్కడా సందు లేదు, అంత గట్టిగా రాశాను. తిట్టుకుంటూ కిందికొస్తే, నా ప్రతి సర్క్యులర్ అడుగునా చెయ్యి అలవాటున పడే వాక్యం కనిపించింది: ‘ఈ సర్క్యులర్‌ను సిబ్బంది అందరికీ, అందరికీ వినబడునట్లు, బిగ్గరగా చదివి వినిపించవలెను.’ పూర్వం అప్పలస్వామి అనే అటెండరు ఏ ఉత్తర్వు వచ్చినా తనకు వినబడలేదని తప్పించుకునేవాడు. అతని కోసం పెట్టిన వాక్యమది. అప్పలస్వామి రిటైరై పదేళ్లయినా వాక్యం రిటైర్ కాలేదు. ఎప్పుడు చదవాలి, ఎక్కడ చదవాలి, ఎన్నిసార్లు చదవాలి అనేది ఎక్కడా లేదు.

కోచ్‌నూ చౌడేశ్వరినీ పిలిపించి తలుపు వేశాను. ఉద్యోగంలో నేను తలుపు వేయడం అదే మొదటిసారి.

"పేరా రెండు అంటే ఎడమకి. పేరా మూడు అంటే కుడికి. ఉపపేరా అంటే ముందుకి. ‘పైన ఉదహరించిన’ అంటే వెనక్కి రమ్మని. ‘తగు చర్య నిమిత్తం’ అంటే బంతిని బయటకు కొట్టెయ్యమని. అర్థమైందా?"

మస్తాన్ వలీ గారు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. చౌడేశ్వరి మాత్రం, "మరి ఎస్తేరుని ఏమని పిల్చల్ల సార్?" అని అడిగింది.

"పేరు పెట్టి పిలవకూడదు. ‘సంబంధిత ఉద్యోగి’ అను."

పది రోజులు జట్టంతా ఆ సర్క్యులర్‌ను కంఠతా పట్టారు. ప్రభుత్వ భాషను అంత భక్తిగా చదివినవాళ్లను నేను చూడలేదు. పదిహేనో సర్క్యులర్ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. వెనక వరస పక్కకు తప్పుకోవాలి కదా! తప్పుకునేవాళ్లు. పేరా మూడు వినబడితే కుడిపక్కకు తప్పుకునేవాళ్లు, సరిగ్గా అవతలి మనిషి ఉన్నచోటికి.

అర్హత పోటీల ఆఖరి మ్యాచ్. గెలిస్తే మహాక్రీడలకు, ఓడితే ఇంటికి. అధ్యక్షులవారు స్టాప్‌వాచీతో ముందు వరసలో, నేను ఆయన పక్కన. ఆట మొదలైన నిమిషానికి గోల్ వైపు నుంచి కంచు గంట లాంటి గొంతు లేచింది.

"పేరా రెండూ! పేరా రెండూ! సంబంధిత ఉద్యోగీ! ఉపపేరా బీ! పైన ఉదహరించినా! పైన ఉదహరించినా! తగు చర్య నిమిత్తం!"

అధ్యక్షులవారు నా మోచెయ్యి పట్టుకున్నారు. "కామేశం! అది నా పద్నాలుగు కదూ?"

"అదేనండి. ఉత్తర్వు ప్రకారం చదివి వినిపిస్తోందండి."

"ఆట మధ్యలో కూడానా!" ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా శాఖలో ముప్పై నాలుగేళ్లు చేశాను. నా సర్క్యులర్ ఒక్కడూ పూర్తిగా చదవలేదయ్యా."

అరవై నిమిషాలూ ఆవిడ చదువుతూనే ఉంది. అవతలి జట్టు ఎటు వచ్చినా అటు ఒక పేరా ఎదురొచ్చింది. వాళ్ల కెప్టెన్ అంపైరుకు ఫిర్యాదు చేస్తే, అంపైరు అడిగితే, మన కెప్టెన్ వినయంగా "ఆఫీసు పని," అంది. మూడో భాగంలో మనవాళ్లు ఒక గోల్ కొట్టారు. ఒకటి సున్నా. గంట మోగింది. చౌడేశ్వరి హెల్మెట్ తీసి, మోకాళ్ల మీద కూలబడి ఏడ్చింది. ఏడుపు వినబడలేదు, గొంతు పూర్తిగా పోయింది. నేను కూడా ఏడ్చాను. నాకు తెలిసినంత వరకు దాన్ని ఎవరూ కొలవలేదు.

సోమవారం పట్టిక వచ్చింది. చౌడేశ్వరి పేరు ఎదురుగా సున్నా ఉంది. ఆ మ్యాచ్‌లో బంతి ఆవిడ దాకా ఒక్కసారి కూడా రాలేదు.

"సున్నా," అన్నారు అధ్యక్షులవారు. ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది. "మంచి చదువరి. కానీ పని సున్నా. గోల్‌కీపరు పోస్టు అవసరం లేదని దీంతో రుజువైంది. పోస్టు రద్దు చేసి, మహాక్రీడల జాబితాలోంచి పేరు తీసేయ్. ఆవిడకు సానుభూతి లేఖ కూడా రాయి."

‘ఈ మోకాళ్లకి ఇదే కడపటి అవకాశం సార్’ అన్న మాట చెవిలో మోగింది. ఇరవై రెండేళ్లలో ఏ అధ్యక్షుల ఉత్తర్వుకూ ‘చిత్తం’ తప్ప వేరే మాట వాడి ఎరగను. ఆ రోజు వాడాను.

"చిత్తం. కానీ ఒక్క మనవి. మహాక్రీడల్లో తమరి సర్క్యులర్ ఎవరు చదువుతారండి? తొంభై దేశాల ముందు?"

ఆయన పెన్ను గాల్లో ఆగిపోయింది.

అలా ‘సర్క్యులర్ పఠనాధికారి’ అనే పోస్టు పుట్టింది. నోట్ నేనే పెట్టాను. పఠనస్థానం: రెండు స్తంభముల నడుమ, మైదానమంతటికీ వినబడుటకు అనువుగా ఉన్నందున. దుస్తులు: ప్యాడ్లు, హెల్మెట్, దారితప్పిన బంతుల నుండి అధికారికి రక్షణగా. అర్హత: పద్నాలుగేళ్లు అదే స్థలంలో నిలబడిన అనుభవం. అధ్యక్షులవారు సంతకం చేస్తూ తన చేత్తో ఒక షరతు చేర్చారు: ‘పఠనాధికారి ఎట్టి పరిస్థితులలోనూ బంతిని ముట్టుకొనరాదు. అది వారి పని కాదు.’

చౌడేశ్వరికి ఫోన్‌లో చదివి వినిపించాను. "పేరు ఏదన్నా పెట్టుకోండి సార్," అంది. "ఆ రెండు కర్రల నడుమ నిలబెట్టండి, సాలు."

మహాక్రీడల మొదటి మ్యాచ్ ఆఫీసులో టీవీ పెట్టుకుని చూశాం. ఆవిడ చదివింది, మనవాళ్లు తప్పుకున్నారు. ఒకటి ఒకటి సమంగా నడిచింది. ఆఖరి నిమిషంలో గోల్‌లోకి పోతున్న బంతి మనవాళ్లలో ఎవరి కాలికో తగిలి అవతలివాళ్లకు పెనాల్టీ స్ట్రోక్ వచ్చింది. ఇందులో ఎస్తేరు లేదు, కెప్టెన్ లేదు. కొట్టేది ఒకరు, ఎదురుగా గీత మీద ఒక్కరు. మిగతావాళ్లంతా దూరంగా నిలబడాలి. ఏ పేరా చదివినా వినేవాళ్లు ఉండరు. పైగా ముట్టుకుంటే షరతు ఉల్లంఘన.

ఆ అమ్మాయి కొట్టింది. చౌడేశ్వరి ఎడమకు పడింది. పట్టీ కట్టిన మోకాలు ముందు నేలకు తగిలింది, ఆ వెనకే చాచిన ప్యాడ్‌కు బంతి ఠంగున తగిలి బయటకు పోయింది. నేను బల్లెక్కి అరిచాను. అటెండరు నాకు నమస్కారం పెట్టాడు.

పది నిమిషాల్లో అక్కడి నుంచి అధ్యక్షులవారి ఫోన్. "కామేశం! ముట్టుకుంది! కోట్లమంది చూస్తుండగా ముట్టుకుంది! సంజాయిషీ తెప్పించు!"

మెమో ఫ్యాక్స్‌లో పంపాను. జవాబు ఆ సాయంత్రమే వచ్చింది, ఆవిడ దస్తూరితోనే.

‘అయ్యా, నేను నా పని చేసుకుంటూ సర్క్యులర్ చదువుతూనే ఉన్నాను. బంతే తనంతట తాను వచ్చి నా ఎడమ కాలికి తగిలింది. తప్పు దానిది. దానికి మెమో ఇవ్వవలసిందిగా మనవి.’

కొత్త కాగితం తీసుకుని, ‘పఠనాధికారి విధులకు ఆటంకము కలిగించుట గురించి’ అని విషయం వేసి, బంతికి మెమో రాశాను. అధ్యక్షులవారు చదివారో లేదో తెలియదు గానీ అక్కడి నుంచే సంతకం చేసి పంపారు. దాన్ని సిబ్బంది అందరికీ బిగ్గరగా చదివి వినిపించాం.

ఏడు రోజుల గడువు దాటిపోయింది. మనవాళ్లు సెమీఫైనల్‌కు చేరారు. బంతి నుంచి ఇంకా సమాధానం రాలేదు.